పొయ్యిలో పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

గుంటూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

నువ్వు లేత్ మీద, అదే కొయ్యని గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం మీద, చేసిన వాటి ఫోటోలు చూశాను. మామిడి గిన్నెకి అంచు దగ్గర పగులు, టేకు గిన్నెకి అడుగున చిల్లు, తుమ్మ మంచంకోడు మీద ఉలి లాగేసిన గాటు. “అన్నీ పొయ్యిలోకే మామయ్యా” అని రాశావు. బెజవాడలో మీ ఫ్లాట్‌లో గ్యాసు పొయ్యి తప్ప ఇంకోటి లేదు కదరా!

ముందు మామిడి గిన్నె సంగతి. దాని పగులులో ఇప్పుడే ఏమీ పొయ్యకు. కొయ్య ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. చెట్టు వయసు వలయాల వెంబడి కుంచించుకునేది, నడిమధ్య నుంచి బెరడు వైపు కుంచించుకునే దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ఆ లాగుడుకే పగులుతుంది. ఆరడం పూర్తి కాకుండా పూడ్చావంటే పక్కన ఇంకోటి నోరు తెరుస్తుంది. గిన్నెని కాగితం సంచిలో దాని పొట్టుతోనే కప్పి, గాలి ఆడే నీడపట్టున పెట్టు. నువ్వు పనిచేసే రేకుల షెడ్డులో మాత్రం వద్దు, మే నెల ఎండకి అక్కడ ఇంకాస్త చీలుతుంది. వారానికోసారి వంటింటి కాటాలో తూచు. బరువు తగ్గడం ఆగాకే చెయ్యి పెట్టు. ఈసారి నుంచి పచ్చి మొద్దుని ముందు మందంగా తీసి ఆరబెట్టు. పది అంగుళాల గిన్నెకి గోడ అంగుళం ఉండాలి. వంకర పోయినా మళ్ళీ లేత్ మీద గుండ్రం చేసుకునేందుకు కొయ్య మిగులుతుంది.

ఇక పూడ్చడం. వెంట్రుకంత సందైతే పల్చటి ఫెవిక్విక్ చాలు. అయితే దాని చుట్టూ ముందుగా చపడా (లక్క) పాలిష్ ఒక పూత వెయ్యి. లేకపోతే ఆ జిగురు పీల్చుకుని తెల్లటి మామిడి మీద నూనె మరకలా నల్లగా దిగిపోతుంది, ఎంత రుద్దినా పోదు. బియ్యపు గింజ పట్టేంత సందైతే ఆరల్డైట్, అదే రెండు ట్యూబుల జిగురు, కలుపు, కింద కారకుండా వెనక టేపు అంటించు. అందులో అదే కొయ్య పొడి కలిపితే రంగు కలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. కలవదు. జిగురు తగిలితే పొడి కొయ్యకన్నా ముదురుగా మారుతుంది, మరక కప్పడానికి ఇంకో మరక పెట్టినట్టుంటుంది. నా మాట విని బొగ్గు పొడి కలుపు. నల్లటి గీత కావాలనే పెట్టినట్టు కనబడుతుంది. సగం దాచి సగం చూపించే మరమ్మత్తు నా కంటికి ఎప్పుడూ ఆనదు.

మీ పక్కనే ఉన్న కొండపల్లిలో చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో బొమ్మల ముక్కలు అతికిస్తారు, అతుకులూ ఎత్తుపల్లాలూ సరిచేస్తారు. చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే పైన రంగులు వేస్తారు. మనం గిన్నెకి రంగు వెయ్యం కాబట్టి ఆ దారి మనకి కాదు.

టేకు గిన్నె చిల్లు ఎందుకు పడిందో ఫోటోలోనే తెలుస్తోంది. చక్కు (గిన్నెని లేత్‌కి బిగించి పట్టే భాగం) పట్టు కోసం అడుగున తవ్విన గుంట లోతుని లెక్కలో తీసుకోలేదు. ఆ చిల్లుని ఇంకాస్త పెద్దది చేసి, అంచులు శుభ్రంగా గుండ్రంగా కోసి, అందులో వేరే కొయ్య బిళ్ళ కూర్చు. బిళ్ళలో రేఖలు గిన్నె రేఖలు పోయే వైపే పోవాలి, అడ్డంగా పెడితే వానాకాలం వచ్చేసరికి ఊడుతుంది. టేకులో నూనె ఉంటుంది కనుక జిగురు పెట్టేముందు థిన్నర్‌తో తుడువు.

కోడు మీద గాటు భయపడాల్సింది కాదు. గుబ్బ ఉండాల్సిన చోట గాడి తీస్తే గాటు ఎగిరిపోతుంది. పక్కన నల్లటి గీత కావాలంటే సన్నగా గాడి చేసి, ఇనుప తీగని రెండు చివర్లా కర్ర పిడులకి కట్టి, తిరిగే కోడు మీద అదిమి పట్టు, రాపిడికి కొయ్య కాలి నల్లబడుతుంది. తీగని వేళ్ళకి మాత్రం చుట్టకు, లాగేసిందంటే వేళ్ళు పోతాయి. లేచిన పీచుకి గరుకు కాగితం మందు కాదు. అది చుట్టూ ఉన్న మెత్తటి భాగాన్ని తినేసి గుంటని అలాగే వదిలేస్తుంది. ఉలి మళ్ళీ సానబట్టి, ఆ చోట కొంచెం తడిపి, గీరీగీరనట్టు ఒక్కసారి పైపైన పోనివ్వు.

కొన్నిటిని మాత్రం కాపాడకు. గోడ ఇవతల నుంచి అవతలకి దిగిన పగులు, కదిలే ముడి ఉంటే జిగురుని నమ్మి వేగంగా తిప్పొద్దు. ముక్క ఎగిరి మొహానికి తగులుతుంది. రంపంతో కోసి గట్టి ముక్కలు వేరు చెయ్యి. వాటిలో బొంగరాలున్నాయి, కుంకుమ భరిణెలున్నాయి, తలుపు గుబ్బలున్నాయి. పప్పుగుత్తికీ అప్పడాలకర్రకీ జిగురు పూడ్చిన ముక్క వాడకు. అతికించినది ఏదైనా మొదట నెమ్మదిగా తిప్పు, మొహానికి కవచం పెట్టుకో, గిన్నెకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడు.

వచ్చే ఆదివారం రా. బిళ్ళకి సరిపడే జిట్రేగి (రోజ్‌వుడ్) ముక్క నా దగ్గర ఉంది. మామిడి గిన్నె అక్కడే ఆరనీ. కోళ్ళు మాత్రం నాలుగూ తీసుకురా. ఒకదాని రూపం మారిస్తే మిగతా మూడింటినీ దానికి తగ్గట్టు దింపాలి.

ఇట్లు,
మామయ్య