బాబు పడితే తప్పెవరిది?

ప్రశ్న: మాది కడప. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. బాబుకి నాలుగేళ్లు. మా ఇద్దరివీ ఉద్యోగాలే, బాబుని అత్తయ్యగారే చూసుకుంటారు. అపార్ట్‌మెంట్ కింద ఆడుకునే చోటుంది, కానీ ఆవిడ దింపరు. దుమ్ము, జలుబు చేస్తుంది, పడతాడు అంటారు. ఆర్నెల్ల కిందట జారుడుబల్ల మీంచి పడితే గడ్డానికి రెండు కుట్లు పడ్డాయి. మావారు ఆ రోజు ఆవిడ మీద గట్టిగా అరిచారు. అప్పట్నుంచి సాయంత్రాలు ఫోనే. నాలుగడుగులు నడిస్తే ఎత్తుకోమంటాడు. అడిగితే గొడవ. ఏం చేయను?

జవాబు: అమ్మా, జారుడుబల్ల సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. అత్తయ్యగారికి దుమ్మంటే భయం ఉండొచ్చు. కొడుకు చేత మళ్లీ మాట పడాల్సి వస్తుందేమోనన్న భయం అంతకంటే పెద్దది. సొంత ఊరు వదిలి, భాష రాని చోట మనవడి కోసం ఉంటున్న మనిషి. పిల్లాణ్ణి సోఫాలో కూర్చోబెడితే ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనరు. ఆవిడ చోట నేనున్నా అదే చేసేదాన్ని.

అందుకే ముందు మాట్లాడాల్సింది మీవారు. "అమ్మా, ఆ రోజు తొందరపడి అరిచాను. ఆడితే పడతాడు, పడితే నిన్ను ఒక్క మాట అనను" అని ఆయనే చెప్పాలి. అదే మాట మీరంటే దెప్పినట్టు ఉంటుంది.

ఇక బాబు సంగతి. 3, 4 ఏళ్ల పిల్లలకు రోజులో కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదలాలని, అందులో 60 నిమిషాలైనా ఆయాసం వచ్చేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కదలకుండా స్క్రీన్ చూసేది గంట దాటకూడదనీ అంది. మూడు గంటలా అని టెన్షన్ పడకండి, ఒకేసారి కాదు. మెట్లెక్కడం, పాల ప్యాకెట్‌కి నడిచి వెళ్లడం, అన్నీ లెక్కే. జలుబు వైరస్ వల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, ఆరుబయట కంటే మూసిన గదుల్లోనే అది తేలిక. పైగా పగటి వెలుతురులో ఆడే పిల్లలకు దూరపు చూపు మందగించే ప్రమాదం తగ్గుతుంది. ఈ మాట అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పండి, మనవడికి కళ్లద్దాలు రావాలని ఏ నాయనమ్మ కోరుకుంటుంది?

ఎత్తుకోమంటే "ఆ చెట్టు దాకా ఎవరు ముందో చూద్దాం" అనండి. చాలాసార్లు అది అలసట కాదు, విసుగు. కుంటుతున్నా, ఒకే కాలు నొప్పంటున్నా, వాపో జ్వరమో ఉన్నా మాత్రం పిల్లల డాక్టరుకి చూపించండి.

ఆదివారం ఉదయం అందరూ లాల్‌బాగ్ తోటకి వెళ్లండి. అక్కడ కెంపేగౌడ గోపురం ఉన్న పెద్ద రాతి బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. నాలుగేళ్ల వాడికి ఆ లెక్క దేనికి! వాడు దాన్ని నాలుగు కాళ్ల మీద పాకుతూ ఎక్కుతాడు, మోకాలు గీరుకుంటుంది, పైకి చేరాక మిమ్మల్ని పిలుస్తాడు. అప్పుడు "జాగ్రత్త, జాగ్రత్త" అని అరవకండి. "ఎడం కాలు ఎక్కడ పెడతావ్?" అని అడగండి. భయపెట్టే మాటకి కాలు వణుకుతుంది, అడిగే మాటకి ఆలోచిస్తాడు. దిగేటప్పుడు మీరు కింద నిలబడితే చాలు. కబ్బన్ పార్క్ అయినా సరే, ఎండిన కాయలు ఏరుకుంటూ గంట గడిపేస్తాడు. కరాటే, స్కేటింగ్ క్లాసుల తొందర ఇప్పుడే వద్దు, నాకైతే అది డబ్బు దండగే అనిపిస్తుంది.

మామూలు రోజుల్లో ఐదున్నరకి ఆట స్థలం పక్కన ఒక కుర్చీ వేయించండి, అత్తయ్యగారికి. మారతహళ్లిలో తెలుగు మాట్లాడే నాయనమ్మలకి, అమ్మమ్మలకి కొదవ లేదు. ఆవిడకీ కబుర్లు కావాలి కదా. మొదటి వారం మీరో మీవారో ఒక అరగంట తోడు దిగండి. బాబు పడితే ముందు పరుగెత్తేది మీరే కావాలి. అది ఆవిడ చూడాలి.