ఊరి పేరు తేల్చేది పోస్టాఫీసే

ప్రశ్న: అమెరికాలోని ఒక చిన్న ఊరి చరిత్ర రాస్తున్నాను. ఊరికి తొలి వర్తకుడి కూతురి పేరు పెట్టారని కొందరు, రైల్వే అధికారి పేరని కొందరు అంటున్నారు. ఏది నిజమో తేల్చడం ఎలా?

జవాబు: కథలు పక్కన పెట్టి ముందు తేదీలు పట్టుకోండి. ఆ దేశంలో చాలా చిన్న ఊళ్లకు పేరు ఖాయమైంది పోస్టాఫీసుతోనే. ఒకే రాష్ట్రంలో ఒకే పేరుతో రెండు పోస్టాఫీసులు ఉంటే ఉత్తరాలు దారి తప్పుతాయి కనుక, ఊరివాళ్లు కోరిన పేరును తపాలా శాఖ తోసిపుచ్చిన సందర్భాలు ఎన్నో. పొరుగు రాష్ట్రంతో తికమక వచ్చినా పేరు మారేది: కాలిఫోర్నియాలో ఇంకో మేరీస్‌విల్ ఉందని ఆరెగన్‌లోని మేరీస్‌విల్ 1853లో కొర్వాలిస్ అయింది.

1832 నుంచి 1971 దాకా పోస్టుమాస్టర్ల నియామక చిట్టాలు అమెరికా ప్రభుత్వ పాత రికార్డుల భాండాగారమైన నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మైక్రోఫిల్మ్ సంఖ్య ఎం841. రాష్ట్రం, అందులో కౌంటీ (మన జిల్లా లాంటిది), అందులో పోస్టాఫీసు అనే వరసలో వెతకాలి. తెరిచిన తేదీ, మూసిన తేదీ, పేరు మార్పు అందులోనే దొరుకుతాయి. చాలామంది పొరబడేది కౌంటీ దగ్గరే. కౌంటీలు చీలుతూ వచ్చాయి. ఇప్పటి కౌంటీలో ఊరు కనిపించకపోతే, ఆ కౌంటీ ఏ కౌంటీ నుంచి విడిపోయిందో చూసి అందులో వెతకండి. తర్వాత ఎం1126 తిరగేయండి. కొత్త పోస్టాఫీసు దగ్గరి నదికి, రైలు మార్గానికి, పక్క పోస్టాఫీసులకు ఎంత దూరమో పోస్టుమాస్టర్లు నింపి పంపిన పత్రాలవి. కొన్నింటికి చేత్తో గీసిన పటం కూడా ఉంటుంది, అది దొరికితే మీ అదృష్టం.

రైలు రాకముందే పోస్టాఫీసు అదే పేరుతో ఉంటే రైల్వే కథ దాదాపు చెల్లదు. రైలు వచ్చిన ఏడాదే పేరు మారి ఉంటే ఆ కథకు బలం వచ్చినట్టే. కూతురి కథకైతే జనాభా లెక్కల్లో ఆ పిల్ల పేరు, వయసు చూడండి. పేరు పెట్టాక పుట్టిన పిల్ల అయితే ఆ మాట వదిలేయాల్సిందే.

చిట్టా పేరు చెబుతుంది గాని కారణం చెప్పదు. కారణానికి భూమి పత్రాలు నమోదు చేసే కౌంటీ రికార్డర్ దగ్గరి ప్లాట్ (ఊరి స్థలాలు విభజించి గీసిన పటం) నకలు, ఆనాటి స్థానిక పత్రికలు చూడాలి. 1880ల నాటి కౌంటీ చరిత్ర గ్రంథాలను మాత్రం జాగ్రత్తగా చదవండి. చందాదారుల డబ్బుతో అచ్చయినవి చాలా ఉన్నాయి, వాటిలో ఆ కుటుంబాల గొప్పలే ఎక్కువ.

ప్రశ్న: పాత పటాల్లో ఒకే ఊరి పేరు రెండు రకాలుగా రాసి ఉంది. ఏది తప్పు?

జవాబు: రెండూ ఒప్పే కావచ్చు. 1890లో ఏర్పడిన భౌగోళిక నామాల బోర్డు అక్షరక్రమాలను ఏకరీతి చేసింది. పిట్స్‌బర్గ్ చివరి హెచ్ అక్షరాన్ని 1891లో తీసేసి, 1911లో తిరిగి ఇచ్చింది. పటం అచ్చయిన ఏడాది రాసుకుని పోల్చండి.