లుబుంటులో బ్యాంకు పనులు నిక్షేపంగా చేసుకోవచ్చు, పాస్‌వర్డ్ అడిగినప్పుడు మాత్రం ఆగాలి

పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లుబుంటు అనే తేలికపాటి లినక్స్ వేయించుకున్నాను, యాంటీవైరస్ పెట్టాలా, బ్యాంకు పనులు చేసుకోవచ్చా అని అడిగావు తమ్ముడూ. చేసుకో, భయం లేదు. యాంటీవైరస్ జోలికి మాత్రం పోకు. లినక్స్‌లో దొరికే క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్‌ను వెనకాల ఎప్పుడూ నడిచేలా పెడితే అదొక్కటే ఒక జీబీకి పైగా ర్యామ్ తినేస్తుంది. నీ మిషన్‌లో ఉన్నదే 2 జీబీ. ఇక బ్రౌజర్ ఏం నడుస్తుంది?

మిర్యాలగూడలో పాత సిస్టమ్‌లు బాగుచేసి లినక్స్ వేసిచ్చే పని నాది. నేను చూసినంతలో ఈ మిషన్లకు ప్రమాదం వైరస్‌తో రాదు, ఫోన్ కాల్‌తో వస్తుంది.

వడ్ల సీజన్‌లో ప్రింటర్ చూద్దామని ఒక రైస్ మిల్లుకు వెళ్లాను. గేటు బయట లారీలు, లోపల గుమస్తా ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని "ఆ సార్, డౌన్‌లోడ్ అయింది సార్" అంటున్నాడు. తెర మీద పాస్‌వర్డ్ అడిగే చిన్న పెట్టె. ఒంటి వేలితో ఒక్కో అక్షరమే కొడుతున్నాడు. ఎవరని అడిగితే, "కరెంటాఫీసు వాళ్లన్నా, బిల్లు అప్‌డేట్ కాలేదట, రాత్రికి లైన్ కట్ చేస్తరట" అన్నాడు. నేను నెట్ కేబుల్ పీకేశాను. ఫోన్‌లో ఉన్నవాడు గుమస్తా చేత ఎక్కిస్తున్నది మన తెరను దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్. అది ఎక్కాక బ్యాంకు పేజీ తెరిస్తే, చూసేది గుమస్తా ఒక్కడే కాదు.

"లినక్స్‌కు వైరస్ రాదన్నరు గదన్నా" అన్నాడు. ఆ మాట చెప్పి సిస్టమ్ చేతిలో పెట్టి వెళ్లిపోయేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. లినక్స్ పాస్‌వర్డ్ ఎందుకు అడుగుతుందో ఒక్క నిమిషం కూర్చోబెట్టి చెప్పరు. ఆ పెట్టె వచ్చిందంటే, ఏదో ప్రోగ్రామ్ సిస్టమ్‌నే మార్చబోతోందని. నువ్వు మొదలుపెట్టిన పనికైతే కొట్టు. ఫోన్‌లో ఎవరో చెప్పినందుకైతే క్యాన్సిల్ చెయ్.

అందుకే నేను వేసిచ్చే ప్రతి సిస్టమ్‌లో రెండు ఖాతాలు పెడతాను. ఒకటి అడ్మిన్‌ది. రెండోది రోజూ వాడేది, దానికి సుడో హక్కు, అంటే సిస్టమ్‌ను మార్చే అడ్మిన్ హక్కు, ఉండదు. రెండో ఖాతాలో ఉండి ఎవరి మాట విన్నా, అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టనంతవరకు సిస్టమ్‌లో ఏదీ ఇన్‌స్టాల్ కాదు. కొన్ని ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ లేకుండా ఫైల్ నొక్కితేనే నడుస్తాయి కాబట్టి, ఫోన్‌లో చెప్పిన ఫైల్ అసలు దించుకోకు. ఒకవేళ డబ్బు పోతే తెల్లారేదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్. పప్పీ లినక్స్ అని మరో రకం ఉంది, అది ఇంకా తేలిక అని ఎవరైనా చెబుతారు. చెడిపోయిన మిషన్‌లోంచి ఫైళ్లు తీయడానికి నేనూ వాడతాను. కానీ అది మామూలుగా రూట్‌గానే, అంటే అన్ని హక్కులూ ఉన్న ఖాతాతోనే, నడుస్తుంది, బ్యాంకు పనికి వద్దు.

యూట్యూబ్‌లో ప్రింటర్ రాకపోతే ఈ లైన్ కొట్టండి అని చూపించే వీడియోలు మరో తలనొప్పి. కర్ల్ (నెట్ నుంచి ఫైల్ దించేది)తో మొదలై సుడో బాష్ (దాన్ని అడ్మిన్‌గా నడిపేది)తో ముగిసే లైన్ అంటే, ఎవడో రాసింది చదవకుండానే అడ్మిన్ హక్కుతో నడపడం.

ఇప్పుడు నీ సిస్టమ్‌లో వెంటనే చూడాల్సింది వెర్షన్. లుబుంటు ఎల్‌టీఎస్‌లకు, అంటే ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్లకు, మద్దతు మూడేళ్లే. 18.04కు 2021 ఏప్రిల్‌తో, 22.04కు 2025 ఏప్రిల్‌తో అయిపోయింది. గడువు తీరిన పాత వెర్షన్‌లో అప్‌డేట్ నొక్కినా అన్నీ తాజాగానే ఉన్నాయని చెప్పొచ్చు. లుబుంటు భాగాలకు కొత్తవి రావడం ఆగిపోయింది కాబట్టి అలా చెబుతుంది, అది చూసి నమ్మకు. 24.04 అయితే 2027 ఏప్రిల్ దాకా నడుస్తుంది. అంతకన్నా పాతదైతే ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని కొత్తది వేయించు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయే ఊరైతే ల్యాప్‌టాప్ బ్యాటరీ నిలబడుతుందో లేదో ముందే చూసుకో.