ఆరో అంతస్తు కిటికీ

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. ఈ వేసవిలో మేమిద్దరం వెళ్లి మూడు నెలలు ఉండి వచ్చాము. అమెరికా అధ్యక్షుడు కెనెడీని కాల్చి చంపిన చోటు చూపించమని నేనే అడిగాను. పద్నాలుగేళ్ల మనవడు కూడా మాతో వచ్చాడు. వారం తిరక్కుండానే వాడు కంప్యూటర్‌లో, హంతకుడు కాల్చిన అదే కిటికీలోంచి కెనెడీ కారు మీదికి గురిపెట్టి కాలుస్తూ కనిపించాడు. నా గుండె ఝల్లుమంది. కోప్పడితే, "ఇదీ చరిత్రే కదా తాతయ్యా, నువ్వే కదా చూపించావు" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. నిజంగా జరిగిన హత్యను ఆటగా మార్చడం తప్పు కాదా? లేక నాది చాదస్తమా?
– ఒక తాతయ్య, నిజామాబాద్

జవాబు: చాదస్తం కాదండీ. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినదాన్ని, మీ మనవడి మాటకు నేనే జవాబు చెప్పుకోవాలి.

ఆ కాల్పులు జరిగిన భవనం ఆరో అంతస్తులో ఇప్పుడున్న మ్యూజియం నేనూ చూశాను. హంతకుడు కూర్చున్న మూల కిటికీ చుట్టూ అద్దాలు బిగించి, లోపల పుస్తకాల అట్టపెట్టెలను ఆనాడు ఉన్నట్టే పేర్చి ఉంచారు. ఎంత దూరం నుంచి వచ్చినవారైనా ఆ కిటికీ దగ్గర నిలబడలేరు. పక్క కిటికీలోంచి చూస్తే ఎల్మ్ వీధి రోడ్డు మీద, కెనెడీకి తూటా తగిలిన చోట తెల్లరంగు ఇంటూ గుర్తు కనిపిస్తుంది, అంతే. ఆ అద్దం అక్కడ ఊరికే పెట్టలేదు. ఏం జరిగిందో తెలుసుకో, కానీ వాడి చోట కూర్చోవద్దు అని చెప్పడానికి పెట్టారు. మీ మనవడు ఆడిన ఆట సరిగ్గా ఆ అద్దాన్నే తీసేసింది.

అది స్కాట్లాండ్‌లోని ఒక సంస్థ చేసిన 'జేఎఫ్‌కే రీలోడెడ్' అయి ఉంటుంది. హత్య జరిగిన 41 ఏళ్లకు, 2004 నవంబరు 22నే విడుదల చేశారు. మీ తూటాలు, ఆ హత్యపై విచారణ జరిపిన వారెన్ కమిషన్ నివేదికలో రాసిన చోట్ల ఎంత కచ్చితంగా తగిలితే అన్ని పాయింట్లు. కుట్ర కథలు అబద్ధమని తేల్చడానికే చేశామని ఆ సంస్థ చెప్పుకుంది. అదే నిజమైతే పాయింట్లు ఎందుకు, పోటీ పెట్టి డబ్బు బహుమతి ప్రకటించడం ఎందుకు? కెనెడీ తమ్ముడు ఎడ్వర్డ్ అప్పటికి బతికే ఉన్నారు. ఇది నీచమని ఆయన ప్రతినిధి అన్నారు. నేనూ అదే అంటాను.

డల్లాస్ మనకు దూరం కాబట్టి కథలా అనిపిస్తుంది. కోఠీ గోకుల్ చాట్ సంగతి తలుచుకోండి. 2007 ఆగస్టు 25 సాయంత్రం అక్కడా, లుంబినీ పార్కులోనూ బాంబులు పేలి 40 మందికి పైగా పోయారు. నా విద్యార్థిని ఒకామె ఆ చాట్ దుకాణం ముందే ఉంది. ప్రాణం దక్కింది, ఒక చెవికి వినికిడి పోయింది. ఈనాటికీ దీపావళి వస్తే టపాసుల మోత వినలేక పిల్లలను తీసుకుని పొలంలో ఉన్న ఇంటికి వెళ్లిపోతుంది. బాంబు సంచీని ఆ దుకాణంలో ఎక్కడ పెడితే ఎక్కువ పాయింట్లు వస్తాయో ఆడి చూడమని ఎవరైనా ఆట చేస్తే, ఇది చరిత్రేనమ్మా అని నేను ఆమెకు చెప్పగలనా?

అలాగని నిజమైన హింస జోలికి ఏ ఆటా పోకూడదని నేను అనను. పోలండ్ సంస్థ ఒకటి 2014లో 'దిస్ వార్ ఆఫ్ మైన్' అనే ఆట చేసింది. 1992 నుంచి 1996 వరకు సాగిన, బోస్నియా రాజధాని సారాయెవో ముట్టడి దానికి ప్రేరణ. అందులో మీరు సైనికులు కారు, కూలిన ఇంట్లో ఆకలితో తలదాచుకున్న మామూలు మనుషులు. మా అక్క కొడుకు పక్కన కూర్చుని ఒక రాత్రి చూశాను. ఆటలో మందుల కోసం ఒక ముసలి దంపతుల ఇంట్లో దొంగతనం చేయించాడు. తెల్లారాక, ఆ దొంగతనం చేసిన ఆటలోని మనిషి కుమిలిపోతూ కూర్చుంది. మావాడు మౌస్ వదిలేసి చాలాసేపు మాట్లాడలేదు. పోలండ్‌లో 2020లో ఆ ఆటను బడిపిల్లలకు సూచించిన జాబితాలో చేర్చారంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

నన్ను ఇబ్బంది పెట్టేది మరొకటి ఉంది. 1999లో అమెరికాలోని కొలరాడోలో కొలంబైన్ బడిలో ఇద్దరు విద్యార్థులు 13 మందిని చంపారు. 2005లో కొలరాడో యువకుడొకరు ఆ హంతకుల పాత్రలతోనే ఆట చేశాడు. ఎందుకిలా జరిగిందో ఆలోచింపజేయాలని చేశానన్నాడు. 2007లో ఒక పోటీ నుంచి దాన్ని తొలగిస్తే, నిరసనగా తోటి ఆటల రూపకర్తలు కొందరు తమవీ వెనక్కి తీసుకున్నారు. అతని ఉద్దేశాన్ని నేను శంకించను. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ ఉద్దేశం కనిపించదు, బొమ్మ చేతిలోని తుపాకీ కనిపిస్తుంది. నా మనసు ఆ తల్లివైపే ఉంది.

ఇక మీ మనవడి సంగతి. ఫోన్‌లో కోప్పడకండి, కంప్యూటర్ లాక్కోమని కొడుకుకూ చెప్పకండి. ఆ కారులో ఎంతమంది ఉన్నారో అడగండి. ఆరుగురు. టెక్సాస్ గవర్నరు కానలీకి కూడా తూటా తగిలితే ఆయన భార్య నెల్లీ ఆయనను ఒడిలోకి లాక్కుంది. కెనెడీ భార్య జాకెలిన్ నెత్తుటి మరకల గులాబీ దుస్తులను ఆ రోజంతా మార్చుకోలేదు. మూడు రోజుల తరువాత అంత్యక్రియలు జరిగాయి. శవపేటికకు సెల్యూట్ చేసిన కెనెడీ కొడుకుకు ఆ రోజే మూడేళ్లు నిండాయి. ఇవన్నీ వాడికి మీరే చెప్పండి, తొందరపడకుండా, మీ గొంతుతో. తరువాత వాడు ఏమడిగితే దానికి జవాబు చెప్పండి.