వర్జీనియాలో టీజే హైస్కూల్ అడ్మిషన్లు ఎందుకు మార్చారు? అది న్యాయమేనా?

అమెరికాలో పిల్లలు ఏ ప్రభుత్వ హైస్కూల్‌కి వెళ్లాలన్నది చాలాచోట్ల ఇంటి అడ్రస్‌ను బట్టే తేలుతుంది. అందుకే ఏ ఏరియా ఏ స్కూల్ కిందకి వస్తుందో ఆ హద్దులు మారుస్తామంటే తల్లిదండ్రులకు టెన్షన్. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో టీజే అని పిలిచే థామస్ జెఫర్సన్ హైస్కూల్ అలా కాదు. సైన్స్, టెక్నాలజీ కోసం పెట్టిన ఆ స్కూల్లో పోటీపడి సీటు తెచ్చుకోవాలి. అక్కడి తెలుగు కుటుంబాలకూ అది పెద్ద ఆశ.

2020లో స్కూల్ బోర్డు ప్రవేశ పరీక్షనూ, 100 డాలర్ల దరఖాస్తు ఫీజునూ తీసేసింది. ఒక్కో మిడిల్ స్కూల్‌కి దాని ఎనిమిదో తరగతి పిల్లల సంఖ్యలో 1.5 శాతానికి సమానమైన సీట్లు కేటాయించింది. మొదటి బ్యాచ్‌లోనే ఆసియా మూలాల పిల్లల వాటా సుమారు 73 నుంచి 54 శాతానికి తగ్గింది. పేద కుటుంబాల పిల్లలు ఒక శాతం లోపు నుంచి 25 శాతానికి పెరిగారు. తల్లిదండ్రుల బృందం కేసు వేసి 2022లో జిల్లా కోర్టులో గెలిచింది, 2023లో అప్పీల్లో ఓడింది. 2024లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు.

కోచింగ్ కొనలేని పిల్లలకు తలుపు తెరవడం నా దృష్టిలో న్యాయమే. పరీక్షను పూర్తిగా ఎత్తేయడం మాత్రం తప్పు; అదీ ఒక కొలమానంగా ఉండాల్సింది. అంతకన్నా ముఖ్యంగా, మిగతా హైస్కూళ్లలోనూ అదే స్థాయి లెక్కలు, సైన్స్ క్లాసులు పెట్టాలి.