పాత బాస్ రాడ్ (బాస్ చేపలు పట్టే గాలం కర్ర) చేతికొస్తే దాన్ని దేనికి వాడాలి?

అది 7 అడుగుల మీడియం హెవీ (కాస్త బిరుసైన), ఫాస్ట్ యాక్షన్ (కొస దగ్గరే వంగే) కాస్టింగ్ రాడ్ (రీలు పైవైపున ఉండేది) అయితే టెన్షన్ అక్కర్లేదు, అమెరికాలో లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేపని పట్టడానికి ఒకే ఒక్క రాడ్ ఉంచుకోమంటే నేను ఉంచుకునేది అదే.

ముందు లైన్ (గాలం దారం) వెళ్లే రింగులు చూడండి. చిన్న దూది ముక్కతో ప్రతి రింగు లోపలా తుడవండి, ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ పగులు ఉన్నట్టే, అది లైన్‌ని కోసేస్తుంది కాబట్టి ఆ రింగు మార్పించాకే వాడాలి.

తర్వాత హ్యాండిల్ పైన రాసి ఉన్న అంకెలు చదవండి. ఎర బరువు పావు నుంచి 1 ఔన్స్ అని ఉంటే, అంటే సుమారు 7 నుంచి 28 గ్రాములు, నాచు, మునిగిన కొమ్మలు ఉన్న చోట టెక్సస్ రిగ్, జిగ్‌లకు (బరువైన తల ఉన్న గాలం ఎరలు) వాడండి. టెక్సస్ రిగ్‌లో గాలం మొన ప్లాస్టిక్ పురుగులో దాగి ఉంటుంది, అది బయటికొచ్చి చేప నోట్లో దిగాలంటే రాడ్ గట్టిగా ఉండాలి, పైగా చేప నాచులోకి దూరకముందే లాగేయాలి. స్పిన్నర్‌బైట్‌కీ (తిరిగే రేకు ఉన్న ఎర) బాగుంటుంది. క్రాంక్‌బైట్‌కి (లాగుతుంటే ఊగే, చేప ఆకారపు గట్టి ఎర) మాత్రం వద్దనే చెప్తాను, దాని చిన్న మూడు ముళ్ల గాలాలు ఇంత బిరుసు రాడ్‌తో లాగితే నోటి నుంచి ఊడిపోతాయి, దానికి మెత్తగా వంగే పాత ఫైబర్‌గ్లాస్ రాడ్ మేలు.

బాస్ పడని రోజుల్లో ఇదే రాడ్‌తో చానల్ క్యాట్‌ఫిష్ పట్టొచ్చు.