టెక్ సందేహాలు: స్వే బార్ లెక్కలో ఎగిరిపోయిన వర్గం

ప్రశ్న: నా కారు వెనుక స్వే బార్ (మలుపులో ఒరుగుడు తగ్గించేందుకు ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ) గట్టిదనాన్ని స్ప్రెడ్‌షీట్‌లో లెక్కించాను. ఉక్కు కడ్డీ వ్యాసం 20 మి.మీ., మెలితిరిగే పొడవు 1,000 మి.మీ., చివరి చేతి పొడవు 250 మి.మీ. ఫలితం మి.మీ.కు దాదాపు 20 న్యూటన్లు. దాన్ని చక్రం దగ్గరి స్ప్రింగు అంకెకు కలిపేశాను. బార్ కొసను కలిపే లింకు మాత్రం చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్‌కు, దాని కీలు నుంచి చక్రం వైపు 60 శాతం దూరంలో బిగించి ఉంది. దీనివల్ల లెక్క మారుతుందా?

జవాబు: మారుతుంది, అదీ చాలా. మీ 20 సరైనదే కానీ, అది బార్ కొస దగ్గరి అంకె. చక్రం 10 మి.మీ. లేస్తే లింకు లేచేది 6 మి.మీ. మాత్రమే. అక్కడ పుట్టిన బలం చక్రానికి చేరేసరికి మళ్లీ 0.6 వంతవుతుంది. కదలికలో ఒకసారి, బలంలో ఒకసారి కోత పడింది కాబట్టి 0.6ను వర్గం చేయాలి: 0.36. అంటే చక్రం దగ్గర మిగిలేది 7.2. ఈ వర్గాన్ని మరిచిపోవడం చాలామంది చేసే పొరపాటే.

ఇంకో మెలిక ఉంది. 7.2 అన్నది ఒక్క చక్రమే గతుకెక్కి, రెండోది కదలనప్పటి మాట. మలుపులో ఒక చక్రం లేచినంత రెండోది దిగుతుంది, బార్‌లో మెలిక రెట్టింపవుతుంది, ఒక్కో చక్రానికి 14.4 వస్తుంది. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే బార్ తన బుష్‌లలో (దాన్ని పట్టుకునే తొడుగుల్లో) ఊరికే తిరుగుతుంది, దాని వాటా సున్నా. అందుకే స్ప్రింగుకు ఒకే అంకె కలపకుండా మూడు సందర్భాలకూ మూడు నిలువు వరుసలు పెట్టండి.

చేతి పొడవు మారకుండా, లింకు నిటారుగా ఉండేలా దాన్ని 80 శాతం దగ్గరకు జరపగలిగితే 7.2 కాస్తా 12.8 అవుతుంది. పాత చోటే ఉంచి ఇంత సాధించాలంటే 23 మి.మీ. కడ్డీ కావాలి. గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది గనుక 3 మి.మీ. చాలింది.

లావు కడ్డీ కొనేముందు బ్రాకెట్లను చూడండి. బుష్‌లూ బ్రాకెట్లూ బార్‌తో ఒకదాని తర్వాత ఒకటిగా కలిపిన స్ప్రింగుల్లాంటివి. బార్ 20, బిగింపు 60 అయితే కొస దగ్గర దక్కేది 15 మాత్రమే. పలుచని రేకు బ్రాకెట్‌కు లావు కడ్డీ బిగించడం నా దృష్టిలో డబ్బు దండగ. పైగా వెనుక మరీ గట్టిపడితే తడి రోడ్డు మీద తోక జారుతుంది.

ప్రశ్న: మలుపులో కారు ఎంత ఒరిగిందో ఫోనులోని లెవల్ యాప్‌తో కొలవవచ్చా?

జవాబు: వద్దు. అది గురుత్వాకర్షణనూ మలుపు తోపునూ విడదీయలేదు. తోపు గురుత్వంలో సగముంటే, కారు అసలు ఒరగకపోయినా 26 డిగ్రీలు దాటి చూపిస్తుంది. గైరోస్కోప్ (ఫోను తిరిగే వేగాన్ని కొలిచే సెన్సర్) రీడింగులు నమోదు చేసే యాప్ వాడండి. అది చూపే లెక్క మెల్లగా పక్కకు జరుగుతుంది కాబట్టి ఒక్క మలుపుకే పరిమితం చేసి, తిన్నని రోడ్డు మీద మళ్లీ సున్నా చేసుకోండి.